మూడో మలుపులో కొబ్బరి చిప్ప

నాలుగేళ్ల కిందట సౌత్ కరొలైనాలో జరిగిన ఒక స్టాక్ కార్ రేసులో, ఇంకా పన్నెండు ల్యాపులు, అంటే పన్నెండు చుట్లు, మిగిలి ఉండగా మూడో మలుపులో ట్రాక్ మీద పడిన వస్తువు పిట్టగూడు కాదు. తాబేలు డిప్ప కాదు. ఎవరో పెద్ద టీమ్ వాళ్లు కుట్ర పన్ని విసిరిన హెల్మెట్ ముక్క అంతకన్నా కాదు. అది కొబ్బరి చిప్ప. ఆ కాయ కొట్టింది నేను. ఈ సంగతి ఆ సాయంత్రమే, అడగాల్సిన వాళ్లు అడుగుతున్నప్పుడే చెప్పి ఉండాల్సింది. అప్పుడు మా బావ పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

మా అక్కా బావా, నేనూ మిషిగన్‌లో ట్రాయ్‌లోనే ఉంటాం. రెండిళ్ల మధ్య కారులో ఆరు నిమిషాలు. నేను కార్ల విడిభాగాలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. బావ బ్రేకుల ఇంజనీరు. మా ల్యాబ్‌లో ఒక అలవాటుంది. కొత్త నమూనా కారు మొదటిసారి పరుగు పెట్టే రోజున, మేం నలుగురైదుగురు తెలుగువాళ్లం పార్కింగ్ లాట్ చివర, చెత్తడబ్బాల పక్కన, ఒక కొబ్బరికాయ కొట్టి వస్తాం. మా అమెరికన్ మేనేజరు మొదట భయపడ్డాడు. తర్వాత అలవాటుపడ్డాడు. ఒకసారి మేం మర్చిపోతే తనే వచ్చి, "ఇవాళ ఆ కాయ పగలగొట్టలేదేం?" అని కంగారుగా అడిగాడు.

బావకి ఇవన్నీ నచ్చవు. ఆయన గుడికి వస్తాడు, కానీ పులిహోర కోసం. అక్క మాత్రం ఆయన ఏ ప్రయాణం చేసినా బ్యాగ్‌లో ఎక్కడో ఒకచోట విభూతి పొట్లమో, ఎర్రదారమో, గుడిలో ఇచ్చిన పువ్వో పెట్టేస్తుంది. "మీ అక్క నా బ్యాగ్‌లో దేవుణ్ణి స్మగ్లింగ్ చేస్తోంది రా" అనేవాడు నాతో. ఇది గుర్తుపెట్టుకోండి. జరిగిన అన్యాయమంతా దీని మీదే ఆధారపడింది.

బావకి ఉన్న ఒకే ఒక పిచ్చి స్టాక్ కార్ రేసులు. బయటికి మన ఇంటి ముందుండే కారులాగే కనిపిస్తూ, లోపల ఒక సీటూ ఇనప గొట్టాలూ తప్ప ఏమీ లేని బండ్లు గంటల తరబడి ఎడమవైపే తిరుగుతూ పరిగెడతాయి. అందులో ఏముందని అక్క ఇరవై ఏళ్లుగా అడుగుతోంది. బావకి మాత్రం అందులో టైరు ఉంది. టైరు ఎంత వేగంగా అరుగుతుంది, ఎప్పుడు మార్చాలి అన్నదాని మీద ఆయన ఇంట్లో కూర్చుని ఒక పెద్ద ఎక్సెల్ షీటు తయారుచేశాడు. దాన్ని నార్త్ కరొలైనాలో పాత పొగాకు గోడౌన్‌లో ఒకే ఒక్క కారుతో నడిచే చిన్న టీమ్‌కి పంపాడు. ఆ టీమ్ పుట్టినప్పటినుంచీ ఒక్క రేసూ గెలవలేదు. వాళ్ల క్రూ చీఫ్, అంటే రేసు రోజున టీమ్ మొత్తాన్ని నడిపించే మనిషి, ఆ షీటు చూసి ఫోన్ చేశాడు. అరవై దాటినవాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం కాఫీ తాగి రావచ్చు, అంత నిదానం. రెండేళ్లు బావ ఇంటి నుంచే, ఊరికే, వాళ్లకి లెక్కలు చెప్పాడు.

ఆ వసంతంలో క్రూ చీఫ్ మాకు రెండు గరాజ్ పాసులు పంపాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పిట్ బాక్స్ అని ఒకటుంటుంది, చక్రాలున్న పెద్ద పనిముట్ల పెట్టె. దాని నెత్తిన నాలుగు కుర్చీలూ, వాటిమీద ఒక పందిరీ. రేసు జరిగేటప్పుడు టీమ్ బుర్రలన్నీ అక్కడే కూర్చుంటాయి. "ఈ ఆదివారం నీ లెక్క పనిచేస్తే, వచ్చే ఏడాది నుంచి నాలుగో కుర్చీ నీదే" అన్నాడు. బావ ఆ రాత్రి మాకందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. అక్క, "ఒక కుర్చీ కోసమా?" అంది. "ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి."

ట్రాయ్ నుంచి ఆ ట్రాక్‌కి పదమూడు గంటల డ్రైవ్. దారి పొడుగునా బావ దాని గురించే చెప్పాడు. అది పేరుకి ఓవల్ గానీ, నిజానికి గుడ్డు. ఒక చివర వెడల్పు, ఇంకో చివర ఇరుకు. కట్టేటప్పుడు స్థలం అమ్మినాయన తన చేపల గుంటని ముట్టుకోవద్దని పట్టుబట్టాడట, అందుకని ఒక పక్క నొక్కేశారట. రెండు చివర్లా రెండు రకాల కారు నడపాలి. తారు కొబ్బరి కోరాంలా గరుకు, టైరుని కోరేస్తుంది. మలుపుల్లో వేగంగా పోవాలంటే గోడని ఆనుకుని పోవాలి, కాబట్టి రేసు అయ్యేసరికి ప్రతి కారుకీ కుడిపక్కంతా గీరుకుపోయిన చార ఉంటుంది. ఆ చార లేనివాడు గట్టిగా ప్రయత్నించలేదని అర్థమట. పైగా ఆ వారం అక్కడ పాతకాలపు పండగ. కార్లన్నిటికీ తాతల నాటి రేసుల రంగులు వేస్తారు.

నేను ఇవన్నీ విని, ఒక మూల కోసేసిన స్థలం, వాస్తు దోషం అని మాత్రం మనసులో రాసుకున్నాను. తర్వాత ఫోన్‌లో పంచాంగం యాప్ తీశాను.

"బావా, రేసు మూడింటికి మొదలైతే చివరి గంట రాహుకాలంలో పడుతోంది."

"ఇండియా రాహుకాలమా, ఈస్టర్న్ టైమ్ రాహుకాలమా?"

"లోకల్ సన్‌రైజ్ ప్రకారం బావా. లొకేషన్ ఆన్ చేస్తే అదే కాలిక్యులేట్ చేస్తుంది."

"అబ్బో, రాహువుకి జీపీఎస్ కూడా ఇచ్చారా?" బావ స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "ఒరేయ్ బావమరిదీ, ట్రాక్ మీద ముప్పై ఆరు కార్లుంటాయి. అన్నిటికీ అదే రాహుకాలం. ఎవడో ఒకడు గెలవాలిగా? వాడి సంగతేంటి?"

నేను యాప్ మూసేశాను. అయినా నా దగ్గర కొబ్బరికాయ ఉంది. బయల్దేరే ముందే ట్రాయ్‌లో ఇండియన్ స్టోర్లో కొని, జాకెట్‌లో చుట్టి వెనక సీటు కింద పెట్టాను. బావ కుర్చీ కోసమే కొన్నాను. ఆ ఒక్క విషయంలో నా మనసు శుభ్రంగానే ఉంది.

ఆదివారం ఉదయం కారు తనిఖీలన్నీ అయిపోయాయి. బావ లాప్‌టాప్ పట్టుకుని క్రూ చీఫ్‌తో మాట్లాడుతున్నాడు. మిగతావాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తున్నారు. ఆ మోతలో నేను కారు ముందు వంగి, కుంకుమ బొట్టు పెట్టిన కాయని గచ్చు మీద కొట్టాను. కాయ పగిలిన చప్పుడు వినపడకుండా కాయ కొట్టడం నా జీవితంలో అదే మొదటిసారి. కానీ ఎంత బాగా పగిలిందంటే, కత్తితో కోసినట్టు సరిగ్గా రెండు చిప్పలు. శుభం అనుకున్నాను. నీళ్లు ఎడమ ముందు చక్రం మీద పోశాను. ఒక మెకానిక్ అది చూసి, ఏదో కారుతోందనుకుని ఫ్లాష్‌లైట్ వేసుకుని కారు కింద దూరాడు. అయిదు నిమిషాలు వెతికాడు. నేను సాయం చేస్తున్నట్టు పక్కన నిలబడ్డాను.

ఇక్కడే నా తెలివితక్కువ. ల్యాబ్‌లో మేం ఒక చిప్ప కారు బానెట్ మీద పెడతాం, ఒకటి పంచుకుంటాం. ఆ లెక్కన ఒక చిప్ప ప్రసాదంగా పనికొస్తుందని బావ బ్యాగ్‌లో పులిహోర డబ్బా పక్కన పెట్టాను. రెండోది కారు వాటా. బానెట్ మీద పెడితే తీసేస్తారు. వెనక బంపర్ లోపల ఒక అంచు కనిపించింది. గంటకి నూట అరవై మైళ్ల వేగంతో పోయే కారని తెలుసు. మా ల్యాబ్‌లో నా ఉద్యోగమే వదులైన భాగాలు ఎప్పుడు ఊడిపడతాయో లెక్కగట్టడం అని కూడా తెలుసు. అయినా చిప్పని అక్కడ ఇరికించి దణ్ణం పెట్టుకున్నాను.

రేసు గురించి క్లుప్తంగా చెబుతాను. బావ లెక్క పనిచేసింది. అందరికన్నా ముందుగా టైర్లు మార్చుకోమన్నాడు, మార్చారు. మధ్యాహ్నమంతా మా కారు వెనకెక్కడో ఉండి, ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. మిగతా కార్లు అరిగిన టైర్లతో గోడలకి గీరుకుంటుంటే మాది పట్టాల మీద రైల్లా పోయింది. ఇంకా ఇరవై మూడు ల్యాపులు ఉందనగా మొదటి స్థానంలోకి వచ్చింది. ఆ టీమ్‌లో వయసుమళ్లిన టైర్ల మనిషి టోపీ తీసి ఏడ్చాడు. క్రూ చీఫ్ పైనుంచి కిందికి చూసి, బావకి చేత్తో సైగ చేశాడు. ఎక్కు.

బావ నిచ్చెన ఎక్కి నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నేను ఫోన్ చూసుకున్నాను. రాహుకాలం నడుస్తోంది, అయినా మనమే ముందున్నాం! నా గొప్పతనానికి నేనే మురిసిపోయాను.

బావ ఆ కుర్చీలో పదకొండు ల్యాపులు కూర్చున్నాడు.

రెండో మలుపు నుంచి బయటికొస్తూ మా కారు గోడకి కాస్త గట్టిగా రాసుకుంది. అది అక్కడ మామూలే. కానీ వెనక ఏదో కదిలింది. కారు మూడో మలుపులోకి, చేపల గుంట వైపున్న ఇరుకు చివరకి వచ్చేసరికి, వెనకనుంచి గోధుమరంగు గిన్నెలాంటిది రాలి ట్రాక్ మీద దొర్లింది. పెద్ద తెర మీద చూపించారు. బోర్లా పడింది. తర్వాత వెల్లకిలా తిరిగింది. తెల్లగా మెరిసింది.

వేల మంది ఉన్న ఆ మైదానంలో అదేమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పసుపు జెండా ఊపారు. ట్రాక్ మీద ఏదైనా పడితే అదే నియమం. అందరూ నెమ్మదిగా వెళ్లి ఒకరి వెనక ఒకరు చేరాలి. అంటే మా కారు కష్టపడి సంపాదించిన దూరమంతా ఒక్క నిమిషంలో సున్నా అయిపోయింది. వెనకవాళ్లు చాలామంది వెళ్లి కొత్త టైర్లు వేసుకొచ్చారు. మా దగ్గర కొత్త టైర్ల సెట్టు ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ పచ్చజెండా ఊపగానే ఎడమనుంచి ముగ్గురు, కుడినుంచి ఇద్దరు మమ్మల్ని దాటారు. చివరికి పద్నాలుగో స్థానం. గెలవాలని నేను కొట్టిన కాయే ఆ కారులోనుంచి ఊడిపడి ఆ కారునే ఓడించింది. ఇంతకన్నా సూటిగా నేను చెప్పలేను.

బావ నిచ్చెన దిగాడు.

గంట తర్వాత రేసు అధికారి ఒకడు ప్లాస్టిక్ సంచిలో చిప్పతో గరాజ్‌కి వచ్చాడు. మా బంపర్ లోపల పీచు దొరికిందట. క్రూ చీఫ్ ఆ సంచి తీసుకుని, చాలాసేపు చూసి, బావని అడిగాడు.

"ఇది మీ వాళ్లదా?"

"కాదు" అన్నాడు బావ ఇంగ్లీషులో, కళ్లజోడు సర్దుకుని. "నేను ఇంజనీర్ని. ఇలాంటివి చేయను. ఇతను మా ఆవిడ తమ్ముడు. టెస్ట్ ల్యాబ్‌లో పనిచేస్తాడు, ఇతనూ చేయడు. దీనికి నాది హామీ."

ఆ హామీ విన్నప్పుడే చెప్పాల్సింది.

"ఆ అదనపు బరువు ఎప్పుడు ఎక్కిందో డేటాలో కనిపించవచ్చు, చూపిస్తాను" అంటూ బావ లాప్‌టాప్ కోసం బ్యాగ్ జిప్ లాగాడు. లాప్‌టాప్‌తో పాటు రెండో చిప్ప బయటికొచ్చి గచ్చు మీద పడి బొంగరంలా తిరిగింది. అది ఆగేదాకా అందరం చూశాం. అధికారి వంగి దాన్ని తీసి, సంచిలోని చిప్పతో కలిపి పట్టుకున్నాడు. వెంట్రుక సందు లేకుండా అతుక్కున్నాయి. పొద్దున దాన్ని చూసే శుభం అనుకున్నాను.

బావ దానిమీది కుంకుమ చూశాడు. ఆయన మొహంలో ఏం జరిగిందో నాకు తెలుసు. బ్యాగ్‌లో దేవుడు దొరికితే అది అక్క పనే. ఇరవై ఏళ్ల అనుభవం. అది కారులోకి ఎలా వెళ్లిందో ఆయన ఆలోచించనే లేదు. అక్క పేరు అక్కడ ఎత్తకూడదన్నదే ఆలోచించాడు.

"నాదే" అన్నాడు.

క్రూ చీఫ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగాడు. "ప్రార్థన చేసుకోవడం తప్పనను. మేమూ చేస్తాం. కానీ మా ప్రార్థనలు ఊడి ట్రాక్ మీద పడవు." తర్వాత, "చేయలేదని నా మొహం మీద చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. పాసు కోసం చెయ్యి చాపాడు. బావ మెడలోంచి తీసి ఇచ్చాడు. నేనూ ఇచ్చాను.

తిరుగుప్రయాణంలో ఒహాయో దాకా బావే కారు నడిపాడు. అక్కడ బంకులో పెట్రోలు పోస్తూ అన్నాడు.

"మీ అక్కకి ఈ సంగతి చెప్పకు. బాధపడుతుంది."

"చెప్పను బావా" అన్నాను. నా జీవితంలో అంత నిష్ఠగా నిలబెట్టుకున్న మాట ఇంకోటి లేదు.

ఆ తర్వాత బావ రేసులు చూడడం మానేశాడు. ఆదివారం మధ్యాహ్నాలు లాన్ కోయడం మొదలుపెట్టాడు. ఎంత సేపు కోసేవాడంటే పక్కింటావిడ వచ్చి అంతా క్షేమమేనా అని అడిగింది. పైనుంచి చూస్తే ఆయన కోసిన లాన్ ఒక చివర వెడల్పుగా, ఒక చివర ఇరుకుగా ఉండేది. కొబ్బరి పచ్చడి మానేశాడు. అక్క వడ్డించబోతే ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఏమైందిరా మీ బావకి? కొలెస్టరాలా? నాకు చెప్పకుండా టెస్టులేమైనా చేయించుకున్నారా?" అని అక్క నన్ను వంటింట్లోకి లాగి అడిగింది.

"ఏమోనక్కా" అన్నాను. ఆమె మర్నాటి నుంచి ఆయనకి ఓట్స్ పెట్టింది. నాలుగేళ్లు తిన్నాడు పాపం.

ఈలోగా రేసు అభిమానులు ఇంటర్నెట్‌లో ఆ వస్తువు గురించి కొట్టుకున్నారు. అధికారులు "ట్రాక్ మీద చెత్త" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఒకాయన తాబేలన్నాడు. ఒకాయన పందెంరాయుళ్ల కుట్ర అని గంటన్నర వీడియో చేశాడు. నేను లంచ్ టైములో కూర్చుని అన్నీ చదివేవాణ్ణి. ఒకరోజు ఎవరో "కొబ్బరికాయలా ఉంది" అని రాశారు. వెంటనే ఒక దొంగపేరుతో లాగిన్ అయ్యి, అది ఆ ప్రాంతపు పిట్టగూడని, ఆ పిట్ట కార్ల బంపర్లలో కూడా గూళ్లు కడుతుందని, పిట్ట పేరుతో సహా రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది రేసుకి ముందు పిట్టగూళ్ల కోసం కార్లు వెతకాలని ఒక ఉద్యమం కూడా లేచింది. ఆ పిట్టకి కూడా ఇక్కడే క్షమాపణ.

ఈ ఏడాది వసంతంలో మా మేనకోడలు కాలేజీ సెలవులకి ఇంటికొచ్చింది. ఆదివారం అక్కవాళ్లింట్లో అందరం ఇడ్లీ తింటున్నాం. పల్లీ పచ్చడితో. ఆ పిల్ల ఫోన్‌లో ఉన్న ఒక వీడియో టీవీ మీద వేసింది.

"డాడీ, దిస్ ఈజ్ యువర్ రేస్, రైట్? మామయ్యా, చూడు చూడు. అందరూ బర్డ్స్ నెస్ట్ అంటున్నారు. సో డంబ్! జూమ్ చేస్తే, లుక్, రెడ్ డాట్ ఉంది. ఇట్స్ ఎ కోకోనట్! మన కోకోనట్!"

బావ స్పూన్ కింద పెట్టాడు. "తెలుసమ్మా" అన్నాడు.

"కొబ్బరికాయేంటి? ఎవరు కొట్టారు?" అంది అక్క.

బావ అక్కవైపు తిరిగాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "పోనీలే. నువ్వు నా మంచికే పెట్టావు. నేనెప్పుడో మర్చిపోయాను."

"నేనా? నేనేం పెట్టాను?"

"బ్యాగ్‌లో కొబ్బరికాయ."

"నేను విభూతి పెట్టాను! కొబ్బరికాయ పెడితే లాప్‌టాప్ తడిసిపోదూ? ఆ మాత్రం తెలీదా నాకు?" అక్క గరిటె పట్టుకుని లేచింది. "అంటే ఏంటండీ, నేను చేయని పనికి నాలుగేళ్ల నుంచీ నన్ను క్షమిస్తూ కూర్చున్నారా? ఓట్స్ తింటూ?"

"ఓట్స్ నువ్వు పెట్టావు కాబట్టి తిన్నాను."

"కొబ్బరి పచ్చడి మీరు తినలేదు కాబట్టి పెట్టాను!"

"వెయిట్" అంది మేనకోడలు, టీవీనీ తల్లినీ తండ్రినీ చూసి. "దెన్ హూ డిడ్ ఇట్?"

నా నోట్లో ఇడ్లీ ఉంది. బావ నావైపు చూశాడు. అనుమానంగా కాదు. నాకేమైనా తెలుసేమో, సాయం చేస్తానేమో అన్నట్టు చూశాడు. అప్పటికీ నా మీద హామీ అలాగే ఉంది ఆయనకి. నీళ్లు తాగి లేచి నిలబడ్డాను.

"బావా, కాయ కొట్టింది నేను. బంపర్లో పెట్టింది నేను, మీ బ్యాగ్‌లో పెట్టింది నేను. ఆ పిట్ట కూడా నేనే. అవన్నీ తెలివితక్కువ పనులు, వాటికి మీరు ఎంత తిట్టినా పడతాను. క్రూ చీఫ్‌కి రేపు నేనే ఫోన్ చేసి చెబుతాను. కానీ ఆరోజు మీరు 'నాదే' అన్నప్పుడు నేను హమ్మయ్య అనుకున్నాను. మీరు పాసు తీసి ఇస్తుంటే పక్కనే నిలబడి హమ్మయ్య అనుకున్నాను. దానికి నన్ను క్షమించండి బావా."